తుగ్గలి చేలో దొరికిన నల్లరాయి ఉల్కేనా?

మాది కర్నూలు జిల్లా తుగ్గలి వైపు. తొలకరికి అందరూ వజ్రాలు వెతుకుతుంటే మా మామయ్యకి ఈ నల్లరాయి దొరికింది. పిడికిలంతే ఉంది, బరువు కిలో పైనే. అయస్కాంతం అంటుకుంటోంది. పైన పల్చటి నల్ల పొర, పెచ్చు ఊడినచోట లోపల బూడిద రంగు. నీళ్లలో ముంచి కొలిస్తే సాంద్రత 3.5 దగ్గర వచ్చింది. బుడగల్లాంటి రంధ్రాలేమీ లేవు కాబట్టి ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే వ్యర్థం) కాదనుకుంటున్నా. టైల్ వెనక గరుకు వైపు రుద్దితే గీత పడలేదు. మామూలు ఇనుప ఖనిజాల్లో మాగ్నటైట్ అయితే నల్లగా, హెమటైట్ అయితే ఎర్రగా గీత పడాలి కదా?

ఉల్కల్లోని ఇనుములో నికెల్ కలిసి ఉంటుంది కదా, రాయి కోయకుండా అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? బంగారం షాపుల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ (ఎక్స్‌రేలతో ఏ లోహాలున్నాయో చూపేది) పనికొస్తుందా? హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసుకి నేరుగా తీసుకెళ్తే చూస్తారా? ఊళ్లో అప్పుడే బేరాలు మొదలయ్యాయి, అదో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.