టావెర్న్ అంటే పూటకూళ్ళ ఇల్లా, సారా కొట్టా?

నిన్న ఇక్కడ టావెర్న్ అనే ఇంగ్లీషు మాటకి తెలుగు అడిగితే ఎక్కువమంది "సారా కొట్టు" అన్నారు. నాకు మనసొప్పలేదు.

షేక్‌స్పియర్ నాలుగో హెన్రీ నాటకాల్లో సర్ జాన్ ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర తిష్ఠ వేసిన చోటే చూడండి. లండన్ ఈస్ట్‌చీప్‌లో ఉన్న బోర్స్ హెడ్ అనే టావెర్న్ అదేనని అందరూ అంటారు. అడవిపంది తల దాని గుర్తు. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్ళీ కట్టారు, 1831లో వంతెన దారి కోసం పడగొట్టారు. 1668 అని చెక్కిన గుర్తురాయి మాత్రం మిగిలింది.

రెండో నాటకంలో ఆ టావెర్న్ నడిపే క్విక్లీ, నూరు మార్కుల (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) బాకీ కింద ఫాల్‌స్టాఫ్‌ని పట్టించడానికి బంట్రోతుల్ని వెంటబెట్టుకొస్తుంది. పెళ్ళాడతానని కూడా మాటిచ్చాడాయన! నైట్ బిరుదున్న ఆ పెద్దమనిషి, బాకీ సంగతి వదిలేసి, కత్తి దుయ్యరా అని అనుచరుణ్ణి పురమాయిస్తాడు. అప్పుడామె మొర: నన్ను ఇల్లూ వాకిలీ లేకుండా తినేశాడు, ఉన్నదంతా ఆ బొజ్జలో వేసుకున్నాడు అని. మన ఇళ్ళలో అయితే "తిని తిని నా ఇల్లు గుల్ల చేశాడయ్యా" అంటారు. "నిలువునా ముంచాడు" అని తెలుగు చేస్తే కోపం వస్తుంది గానీ తిండి సంగతి పోతుంది. ఆ మాటకి ప్రాణం తిండే.

ఈ గొడవ చదివితే నాకు కన్యాశుల్కంలో గిరీశం కోసం చీపురుకట్టతో వచ్చిన పూటకూళ్ళమ్మే కళ్ళముందు నిలుస్తుంది. పూట, కూడు కలిసిన మాట అది. చిక్కల్లా ఒక్కటే, మన పూటకూళ్ళ ఇంట్లో మద్యం ఉండదు.

దీనికి జవాబు లండన్ చరిత్ర రాసిన జాన్ స్టో దగ్గర దొరికింది. 1410లో, సెయింట్ జాన్ పండగ ముందురాత్రి, ఆ నాలుగో హెన్రీ కొడుకులు థామస్, జాన్ ఈస్ట్‌చీప్‌లో భోంచేస్తుండగా వాళ్ళ మనుషులకీ మిగతా ఆస్థానం వాళ్ళకీ పెద్ద రగడ అయింది. గంటసేపు సాగితే మేయరు వచ్చి సర్దాడు. అప్పటికి అక్కడ టావెర్నే లేదంటాడు స్టో. వంటవాళ్ళు తిండి అమ్మేవాళ్ళు, వైన్ కాదు. టావెర్న్‌లో వైన్ అమ్మేవాళ్ళు, తిండి కాదు. అంటే ఒకప్పుడు వాళ్ళకీ రెండూ వేరువేరే!

అందుకే క్విక్లీ ఇంటికి నా ఓటు "పూటకూళ్ళ ఇల్లు"కే. తాగుడు ఎలాగూ సన్నివేశంలో కనిపిస్తుంది. తిండీ తాగుడూ ఒకే కప్పు కింద దొరికే చోటుకి మీ ఊళ్ళో పెద్దవాళ్ళు వాడే మాట ఏదైనా ఉంటే రాయండి, మార్చుకుంటాను.