అప్‌డేట్: పాలపుంత లోపల ఉండి దాని మ్యాప్ ఎలా గీస్తారన్న ప్రశ్న

హైడ్రోజన్ వాయువు నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల రేడియో సిగ్నల్‌తో ఆ వాయువు వేగం తెలుస్తుంది సరే, పాలపుంత భుజాలను (కేంద్రం చుట్టూ మెలితిరిగిన చేతుల్లాంటి భాగాలను) మ్యాప్‌లో పెట్టడానికి దూరం ఎక్కడి నుంచి వస్తుందని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. వాయువు గెలాక్సీ కేంద్రం చుట్టూ వృత్తంలో తిరుగుతోందనుకుంటే, వేగం నుంచే దూరం లెక్కకట్టొచ్చని చెప్పారు. మీరు చెప్పినట్టే, ఆకాశమంతటా ఈ హైడ్రోజన్ సిగ్నల్‌ను కొలిచిన లైడెన్-అర్జెంటీనా-బాన్ సర్వే డేటా తీసుకుని గ్రాఫులు గీశాను.

ముందు గెలాక్టిక్ రేఖాంశం (గెలాక్సీ కేంద్రం దిశ నుంచి కొలిచే కోణం) 30 డిగ్రీలు చూశా. 21 సెంటీమీటర్ల సిగ్నల్ సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగం దాకా సాగి, అక్కడ జారిపోయింది. ఆ అంచే కీలకం. ఆ దిశలో గెలాక్సీ కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న వాయువు అది. సూర్యుడి వేగంలో అటు వైపు వచ్చే భాగం, అంటే ఇంకో 110, కలిపితే 220. సూర్యుడి వేగమూ దాదాపు అంతే! కేంద్రానికి మనకన్నా సగం దూరంలో ఉన్న వాయువు కూడా మనంత వేగంగానే తిరుగుతోందని సొంత లెక్కలో చూస్తే ఒళ్లు పులకరించింది.

120 డిగ్రీల దగ్గర రెండు శిఖరాలు వచ్చాయి. సున్నా దగ్గరిది మన చుట్టుపక్కల వాయువు, సెకనుకు మైనస్ 50 కిలోమీటర్ల (అంటే మన వైపు వస్తున్న) ప్రాంతంలోది పెర్సియస్ భుజం. సూర్యుడి కక్ష్య బయట ఒక వేగానికి ఒకే దూరం కాబట్టి తికమక ఉండదనుకుంటాం. కానీ ఈ భుజంలో నక్షత్రాలు పుట్టే ప్రాంతం డబ్ల్యూ3 ఓహెచ్ దూరాన్ని 2006లో పారలాక్స్‌తో (భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కొద్దీ అది ఆకాశంలో ఎంత జరిగినట్టు కనిపిస్తుందో చూసి) కొలిస్తే సుమారు 6,400 కాంతి సంవత్సరాలే తేలింది. వేగం లెక్క చెప్పేదానిలో దాదాపు సగం! అక్కడి వాయువు కచ్చితమైన వృత్తంలో తిరగడం లేదన్నమాట. అందుకే పెర్సియస్‌ను పారలాక్స్ దూరం దగ్గరే పెడుతున్నా.

కేంద్రం వైపు, దాని ఎదురు దిక్కు ఖాళీగా వదిలేశా. అక్కడ వాయువు మన చూపుకు అడ్డంగా కదులుతుంది, వేగం నుంచి దూరం రాదు. 1958లో ఖగోళ శాస్త్రవేత్తలు ఊర్ట్, కెర్, వెస్టర్‌హౌట్ వేసిన మ్యాప్‌లోనూ అవి ఖాళీలే.