అడ్వెంట్‌లో దొరికే సమాధానం (మనశ్శాంతి) జనవరిలోనూ నిలవాలంటే మీరేం చేస్తున్నారు?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది సికింద్రాబాద్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. అడ్వెంట్ అంటే క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు, నెమ్మదిగా ఎదురుచూడాల్సిన కాలం. మన దగ్గరేమో సెమీ క్రిస్మస్‌లు (పండుగకు ముందే జరుపుకునే వేడుకలు), క్వయర్ ప్రాక్టీసు, అర్ధరాత్రి దాకా ఇంటింటికీ క్యారల్స్. ఏ ఇంట్లో కేకు పెడతారో, ఏ ఇంట్లో ఉప్మా పెడతారో మా యూత్‌కి కంఠతా వచ్చు! సంతోషమే, కాదనను. కానీ తెల్లారి హైటెక్ సిటీకి మెట్రో ఎక్కేసరికి మళ్లీ అదే టెన్షన్: ఇంటి లోను, నాన్నగారి షుగరు.

అడ్వెంట్‌లో ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తాం కదా, రెండో ఆదివారం సమాధానపు కొవ్వొత్తి వెలిగించినప్పుడు మనసు నిజంగానే కుదుటపడుతుంది. యేసు తన శాంతిని ఇస్తున్నానని చెప్పింది (యోహాను 14:27) తనను పట్టుకోబోయే రాత్రే కదా. అంటే అది కష్టాలు తీరాక వచ్చేది కాదని తెలుసు. ఫిలిప్పీ 4:6-7 చదివి చింతలన్నీ ప్రార్థనలో పెడుతున్నాను. మధ్యాహ్నానికి మళ్లీ నా నెత్తిమీదే ఉంటున్నాయి.

ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఏడాదంతా ఈ సమాధానాన్ని నిలుపుకున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజులో ఎప్పుడు, ఎంతసేపు, ఎలా ప్రార్థిస్తారు? మెట్రోలో కూర్చుని చేసే మౌన ప్రార్థన ఎవరికైనా పనిచేసిందా? "నీకు విశ్వాసం చాలట్లేదు" అనే సలహా మాత్రం వద్దండి, అది ఇంట్లోనే దొరుకుతోంది.