సినిమాలు జానీ లీవర్‌ని పైకి తెచ్చాయా, పాడు చేశాయా?

రెండో_ఆట:
మా ఆఫీసు గ్రూపులో తేలని గొడవ, ఇక్కడ పెడుతున్నా. జానీ లీవర్ అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు. 1957లో ప్రకాశం జిల్లా కనిగిరిలో పుట్టి, ముంబైలో ధారావి వైపు పెరిగారు. హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ స్టేజి షోలు ఇచ్చి, తర్వాత సినిమాల్లోకి వెళ్ళారు. సినిమాలు లేకపోతే ఆయనెవరో ఎవరికీ తెలిసేది కాదని ఒకరు, స్టేజి మీదున్న అసలు మనిషిని సినిమాలే చంపేశాయని ఇంకొకరు. మీరేమంటారు?

పొదిలి_రోడ్డు:
1957లో ప్రకాశం జిల్లా ఎక్కడుందండీ? ఆ జిల్లా 1970లో ఏర్పడింది, ప్రకాశం పేరు ఇంకా తర్వాత పెట్టారు. అప్పటికి కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. పోస్టు సరిచేయండి.

ఓపెన్‌మైక్_కుర్రాడు:
పాడు చేశాయి, ఇందులో చర్చే లేదు. కంపెనీ ఫంక్షన్‌లో స్టేజి ఎక్కి తన పై ఆఫీసర్లనే ఒక్కొక్కరిగా అనుకరించి చూపించాడు. నవ్వీ నవ్వీ తోటి కార్మికులే ‘జానీ లీవర్’ అని పేరు పెట్టారు. జీతమిచ్చేవాళ్ళ మీద వాళ్ళ ఫంక్షన్‌లోనే జోకులేయడానికి ఎంత దమ్ముండాలి? స్టాండప్ అంటే అదీ. తర్వాత సినిమావాళ్ళు ఏం చేయించారు? కళ్ళు తిప్పు, మూతి వంకర తిప్పు, కెవ్వున అరువు, హీరో చేత దెబ్బలు తిను. బాజీగర్‌లో ఆ మతిమరుపు బాబూలాల్ బాగుంటాడు, నిజమే. కానీ అందులో చాలావరకు సెట్లో అప్పటికప్పుడు తను కల్పించుకున్నదేనని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంటే బాగున్నది స్టేజి మనిషి పెట్టింది, మిగతాది సినిమా పెట్టింది.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
బాబూ, నువ్వు దమ్ము గురించి మాట్లాడుతున్నావు, నేను అన్నం గురించి మాట్లాడతాను. ఆయన ముంబైలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ స్కూల్లో ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు. రోడ్డు మీద సినిమా హీరోల గొంతులు చేస్తూ పెన్నులు అమ్మాడు. ఇంటికి పెద్దకొడుకు. ఫ్యాక్టరీ ఉద్యోగం మానింది 1981లో, అదీ స్టేజి షోల మీద నాలుగు డబ్బులు వస్తాయన్న నమ్మకం కుదిరాక. ఆ మరుసటేడు సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీలతో, అమితాబ్‌తో కలిసి విదేశాల టూరు. 1986లో హోప్ 86 అని సినిమావాళ్ళ చారిటీ షో జరిగితే, మధ్యలో ఖాళీ పూడ్చడానికి ఈయన్ని స్టేజి ఎక్కించారు. అది చూసిన నిర్మాత గుల్ ఆనంద్ జల్వా సినిమాలో వేషం ఇచ్చాడు. స్టేజీయే ఆయన్ని సినిమాకి పంపింది. చంపడమేంటి?

కాకినాడ_కాజా:
ఎక్కడున్నా మనోడే. జై కనిగిరి.

పొదిలి_రోడ్డు:
పోస్టు ఇంకా సరిచేయలేదు.

ఓపెన్‌మైక్_కుర్రాడు:
బాబాయ్ గారూ, సినిమాల్లోకి వెళ్ళడం తప్పనలేదు నేను. వెళ్ళాక ఏమైందని అడుగుతున్నా. ఆయన కామెడీ క్యాసెట్ హసీ కే హంగామే ఉంది కదా. అందులో వంకర మొహాలేవీ కనపడవు, వట్టి గొంతుతో నవ్వించాడు. దీవానా మస్తానాకి ఒకటి, దూల్హే రాజాకి ఒకటి ఫిలింఫేర్ అవార్డులిచ్చారు. ఆ క్యాసెట్టుకి ఎవరిచ్చారు?

ఆర్కెస్ట్రా_బాబాయ్:
ఆ వట్టి గొంతునే మేం మిమిక్రీ అంటాం. నిన్నమొన్న మీరు స్టాండప్ చేసే కేఫుల్లో పుట్టిందనుకుంటున్నారా? మన నేరెళ్ళ వేణుమాధవ్ గారు 1971లోనే ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు. పద్మశ్రీ కూడా వచ్చింది. ఒక్క మనిషి, ఒక్క మైకు. ఇంకేం కావాలి?

ఓపెన్‌మైక్_కుర్రాడు:
నేరెళ్ళ వారికి దండం. ఆయన తర్వాత వచ్చినవాళ్ళ సంగతి చెప్పండి. ఏ ఊరి ఆర్కెస్ట్రాకి వెళ్ళినా అదే ఎన్టీఆర్, అదే ఏఎన్నార్, అదే రైలు కూత, చివర్లో కుక్కల కొట్లాట. ఒకరి డైలాగు ఒకరి గొంతులో చెప్తే అందులో మీ మాట ఏది? టేప్ రికార్డర్ కూడా ఆ పని చేస్తుంది. జానీ లీవర్ గొప్పతనం ఆ గొంతులు పట్టుకోవడంలో లేదు, మనుషుల్ని పట్టుకోవడంలో ఉంది.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
టేప్ రికార్డరా? తమ్ముడూ, నోరు జాగ్రత్త.
ముప్పై ఏళ్ళు ఆ రైలు కూతతోనే ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాను. ఒక రిసెప్షన్‌లో అర్ధరాత్రి దాకా నిలబెట్టి చేయించుకుని, డబ్బులడిగితే ‘భోంచేసి వెళ్ళండి’ అన్నారు. అది కూడా మింగాను. ఒకసారి ఒక సినిమాలో వేషం ఇచ్చారు. డబ్బింగ్ కూడా చెప్పాను. బంధువులందరినీ తీసుకుని మొదటి ఆటకి వెళ్తే తెర మీద నేను లేను, ఎడిటింగులో లేపేశారు. నీకేం తెలుసు?

ఓపెన్‌మైక్_కుర్రాడు:
మరి నేను చెప్తున్నదీ అదే కదా! తన కామెడీకి జనం మరీ ఎక్కువ నవ్వుతున్నారని కొందరు హీరోలు సీన్లు కోయించేవాళ్ళని జానీ లీవరే చెప్పాడు. సినిమా మీకేం చేసిందో ఆయనకీ అదే చేసింది. మీరు వాదిస్తున్నది ఎవరి తరఫున?

విశాఖ_వెన్నెల:
ఆయన కూతురు జేమీ లీవర్‌ని మీ ఇద్దరూ మర్చిపోయారు. గొంతులూ చేస్తుంది, సొంత పాత్రలూ చేస్తుంది, స్టాండప్ కూడా. 2024లో అల్లరి నరేష్ సినిమాలో తెలుగు తెర మీదకీ వచ్చింది. మీరు వేరు చేస్తున్నవన్నీ ఆ అమ్మాయి కలిపే చేస్తోంది.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
ఎవరి తరఫున అంటే, కోసినా మళ్ళీ ఇంకో సినిమా ఒప్పుకుని ఇల్లు నిలబెట్టుకున్నవాడి తరఫున. నాకు మళ్ళీ ఎవరూ పిలిచి వేషం ఇవ్వలేదు. అందుకని స్టేజి మీదే ఉండిపోయాను, స్టేజి గొప్పదని కాదు. నీలాంటివాడు వచ్చి ‘స్టేజి మీదే ఉండాల్సింది, అక్కడే అసలు కళ’ అంటుంటే ఒళ్ళు మండుతుంది. నెలాఖరుకి జీతం పడేవాడికి కళ గురించి మాట్లాడటం సులువే.

ఓపెన్‌మైక్_కుర్రాడు:
నా జీతం సంగతి ఎందుకు?
సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. మాదాపూర్‌లో ఉద్యోగం, శనివారాలు షోలు. తెలుగులో సొంతంగా రాసుకున్నది చెప్తుంటే ముందు టేబుల్ నుంచి ‘బ్రో, బాలయ్య వాయిస్ వస్తదా?’ అంటారు. రాదంటే ఫోన్ చూసుకుంటారు. మా అమ్మ ‘సినిమాల్లో హీరో ఫ్రెండ్ వేషం ఎప్పుడొస్తుందిరా’ అని అడుగుతుంది. నవ్వించేవాడు తెలుగులో నవ్వించి బతకాలంటే ఒకటి ఇంకొకరి గొంతు చేయాలి, లేదంటే హీరో పక్కన నిలబడి తిట్లు తినాలి. హిందీలో 2005లో టీవీలో వచ్చిన లాఫ్టర్ ఛాలెంజ్ షో నుంచే స్టేజి కమెడియన్‌కి ఇంటింటా గుర్తింపు వచ్చింది. అంత ప్రతిభ ఉన్న జానీ లీవర్‌కే సినిమా తప్ప దారి లేదని మీరంటే, ఇక ఈ ఉద్యోగం ఎవణ్ని చూసుకుని మానాలి?

కాకినాడ_కాజా:
మానకు బ్రో. ఈఎంఐలుంటాయి.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
ఆయన్నే చూసుకో. ఆరేళ్ళు ఫ్యాక్టరీలో చేస్తూనే షోలిచ్చాడు, పునాది పడ్డాక మానాడు. నువ్వేమో క్యాసెట్ పట్టుకుని సినిమాని తిడుతున్నావు. ఇంతకీ మీ కేఫులో టికెట్టు ఎంత?

ఓపెన్‌మైక్_కుర్రాడు:
రెండొందల తొంభై తొమ్మిది.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
అందులో నీకెంత?

ఓపెన్‌మైక్_కుర్రాడు:
కొత్తవాళ్ళకి డబ్బులుండవు. ఒక కాఫీ కూపన్ ఇస్తారు.

ఆర్కెస్ట్రా_బాబాయ్:
మాకు ఆ రిసెప్షన్‌లో బిర్యానీ అయినా పెట్టారు బాబూ.