సమస్యాపూరణం: “శవము లేచివచ్చి సరసమాడె”

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, ఆటవెలది పద్యానికి నాలుగో పాదం (మొదటి మూడు పాదాలూ మీరు రాయాలి):

శవము లేచివచ్చి సరసమాడె

ఈసారి ఒక నిబంధన పెడుతున్నాను. కథ జేన్ ఆస్టిన్ కాలపు ఇంగ్లండులో జరగాలి. ఆమె 1813 నాటి “ప్రైడ్ అండ్ ప్రెజుడిస్” వాక్యాలను చాలావరకు అలాగే ఉంచి, మధ్యమధ్యలో నడిచే శవాలను దూర్చి సేథ్ గ్రాహమ్ స్మిత్ 2009లో “ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అండ్ జాంబీస్” తెచ్చారు. 2016లో అది సినిమా కూడా అయింది. ఆ పాత్రలనే తీసుకోవాలని లేదు. ఆ కాలం, ఆ మర్యాదలు, ఒక ప్రేమ, ఒక శవం ఉంటే చాలు. క్రమాలంకారంతో “శ్మశానాన ఉండునదేది?” అని ప్రశ్నలు వేసి పాదాన్ని ముక్కలు చేసే పూరణలు దయచేసి పంపవద్దు. అవి కళ్లు మూసుకుని రాసేయవచ్చు.

ఛందోవిద్యార్థి:
గురువుగారూ, నేను కొత్త. ఆటవెలది గణాలు ఒకసారి చెప్తారా?

నిర్వాహకుడు:
1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పొంతన, కుదరాలి. ఇచ్చిన పాదంలో “శవము”, “సరస” చూడండి, శ-స మైత్రి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు కాబట్టి టెన్షన్ పడకండి, రాసెయ్యండి.

గోదారిగట్టు:
నాట్యశాల వెలుగ నరులెల్ల నర్తింప
తలుపు విరిగి మట్టి తావి సోకె
చేయి చాచి వంగి “చెలియ! యాడుద”మంచు
శవము లేచివచ్చి సరసమాడె

నిర్వాహకుడు:
చాలా బాగుందండీ. “మట్టి తావి” అన్న మాటతో సమాధిలోంచి వచ్చిందని చెప్పకుండానే చెప్పారు. నాకు ఇంకా నచ్చింది మూడో పాదంలోని “వంగి”. ఆ కాలపు నాట్యశాలలో మగవాడు వంగి నమస్కరించి అడిగాకే అమ్మాయి చేయి అందుకోవాలి. మీ శవం ఆ పద్ధతి తప్పలేదు. భయమూ నవ్వూ రెండూ అక్కడే పుట్టాయి. అది మీదపడి కరిచి ఉంటే ఉత్త దయ్యాల కథ అయ్యేది.

మధురకవనం:
ప్రేమలేఖ రాసి పెట్టెలో దాచిన
నాథు డుండె గోరి నడుమ నేడు
కలను గాంచె నాతి, కన్నులు మూయగా
శవము లేచివచ్చి సరసమాడె

నిర్వాహకుడు:
గణయతులు సరిగ్గా ఉన్నాయి, ధార కూడా ఉందమ్మా. కానీ “కల” అనగానే సమస్య సమస్యగా మిగల్లేదు. కలలో శవమేమిటి, పర్వతమైనా సరసమాడుతుంది. అంతకంటే పెట్టెలో దాచిన ఉత్తరం మంచి వస్తువు. ఆ ఉత్తరం కోసమే అతను లేచి వస్తే పద్యం ఎక్కడికో వెళ్లేది.

ఓరుగల్లు బాటసారి:
నేను జాంబీల పుస్తకంలోని కథనే తీసుకున్నాను. కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్ స్నేహితురాలు షార్లట్ శవం కాటుకు గురై, మెల్లమెల్లగా తానూ అలాగే మారిపోతుంటుంది. పెళ్లాడిన కాలిన్స్ మాత్రం గమనించడు.

షార్లటమ్మ కంట చావు నీడలు దోచె
పతికి దెలియదయ్యె పాపమయ్యొ
విందుబల్ల వద్ద వింతగా నవ్వుచు
శవము లేచివచ్చి సరసమాడె

నిర్వాహకుడు:
ఎన్నిక అద్భుతం. ఆస్టిన్ నవలలోనూ షార్లట్ ప్రేమతో కాదు, ఇల్లూ వాకిలీ కోసం కాలిన్స్‌ను చేసుకుంటుంది. బతికుండగానే సగం చచ్చిన కాపురం అది. ఆ మాట అక్కడ మర్యాదగా ఉంది, ఇక్కడ చర్మం ఊడి కనిపిస్తుంది. అన్వయంలో చిన్న చిక్కు: బల్ల వద్దే ఉన్న మనిషి “లేచివచ్చి” ఎక్కడికి వస్తుంది? మూడో పాదం ఇలా మార్చి చూడండి:

పడక విడిచి విందుబల్లకు నవ్వుచు

ప-బ యతి సరిపోతుంది, రావడానికి ఒక చోటూ దొరుకుతుంది.

ఓరుగల్లు బాటసారి:
బాగుందండీ, కానీ “వింతగా” పోయింది. ఆ వింత నవ్వే కదా భయపెట్టేది?

నిర్వాహకుడు:
మొదటి పాదంలో చావు నీడలు చూపించాక నవ్వు వింతదని మళ్లీ చెప్పాలా? పాఠకుడికి కొంత వదిలెయ్యండి.

అవధానప్రియ:
చర్చితోటలోన సమవయస్కులు గూడి
సుద్దులాడుచుండ సొంపుతోడ
ముదిమి మరచి నవ్వ మోములయందు శై
శవము లేచివచ్చి సరసమాడె

గోదారిగట్టు:
ఆహా! “శైశవము” చేసి శవాన్నే మాయం చేశారు. అవధానంలో అయితే చప్పట్లే.

నిర్వాహకుడు:
నేనూ చప్పట్లు కొట్టాను. చర్చితోటలో మొదలుపెట్టి సమాధుల వైపు చూసేలా చేసి, చివరికి ముసలివాళ్ల ముఖాల్లో చిన్నతనం లేపారు. కాకపోతే ఈ వారం నిబంధన శవం ఉండాలని. అవధానంలో బహుమతి, ఇక్కడ సగం మార్కులు!

మధురకవనం:
ఒక సందేహం. శృంగారానికి బీభత్సం విరోధి రసం అంటారు కదా. అసలు ఈ రెంటినీ కలపమనడమే అలంకారశాస్త్రానికి విరుద్ధం కాదా?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. విరోధం ఉన్న మాట నిజమే. అయితే దాన్ని ఎలా దాటాలో 9వ శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు తన అలంకారశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) చెప్పాడు. రెండు విరోధి రసాల మధ్య మరో రసాన్ని కూర్చోబెట్టాలి. ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి: యుద్ధంలో చనిపోయిన వీరులు విమానాల్లో అప్సరసల కౌగిళ్లలో ఉండి, కింద నేల మీద పడి ఉన్న తమ శవాలను నక్కలు కౌగిలించుకోవడం చూస్తుంటారు. పైన శృంగారం, కింద బీభత్సం, నడుమ వీరం. జాంబీల పుస్తకంలో బెన్నెట్ అక్కచెల్లెళ్ల చేతికి కత్తులు ఇచ్చింది కూడా ఇదే పని చేస్తుంది. భవభూతి సంస్కృత నాటకం “మాలతీమాధవం” అయిదో అంకంలో కూడా మాధవుడు ప్రేమ కోసం శ్మశానంలో పిశాచాలకు నరమాంసం అమ్మజూపుతాడు. మనకిది కొత్త వంటకం కాదమ్మా.

ఛందోవిద్యార్థి:
ధైర్యం చేసి రాశాను, తప్పులుంటే మన్నించండి. నా నాయకుడు వాటర్లూ యుద్ధంలో (1815) పోయాడనుకోండి.

పోరు కేగినట్టి ప్రియుడు నేలకు గూలె
మాట తప్పలేదు మగువతోడ
అర్ధరాత్రివేళ హయముపై గొనిపోవ
శవము లేచివచ్చి సరసమాడె

అవధానప్రియ:
మొదటి పాదంలో యతి తప్పింది. “పో”కి “ప్రి” కుదరదు. హల్లు కలిసినా అచ్చు కలవాలి.

నిర్వాహకుడు:
నిజమే. అంతకంటే ముఖ్యం, రెండో పాదంలో తప్పని “మాట” ఏదో మొదటి పాదంలో లేదు. రెండూ ఒకేసారి సరిచేద్దాం:

పెళ్ళిమాట యిచ్చి ప్రియుడు పోరున గూలె

పె-ప్రి యతి కుదిరింది, మాటా దొరికింది. మిగతా మూడు పాదాలూ ముట్టుకోను. ఈ వారం అన్నిటికంటే నాకు ఇదే నచ్చింది. మీకు తెలిసి రాశారో లేదో గానీ, 1774లో అచ్చయిన బ్యుర్గర్ జర్మన్ గాథాకవిత “లెనోర్” కథ ఇదే. యుద్ధంలో చచ్చిన ప్రియుడు అర్ధరాత్రి గుర్రం మీద వచ్చి పెళ్లికూతుర్ని తీసుకుపోతాడు. 1796లో వాల్టర్ స్కాట్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అంటే ఆస్టిన్ యవ్వనంలో ఉన్నప్పటికే ఇంగ్లండులో ఈ శవం స్వారీ చేస్తోంది. “మాట తప్పలేదు” అన్న పాదం భయంకరంగా ఉంది. ఆ కాలంలో పెళ్లిమాట ఇచ్చి తప్పితే పరువు పోయేది. మీవాడు పరువున్న శవం.

గోదారిగట్టు:
గుర్రం బతికున్నదేనా?

ఛందోవిద్యార్థి:
అది చెప్పడానికి పాదం మిగల్లేదండీ. కందంలో మళ్లీ ప్రయత్నించవచ్చా?

నిర్వాహకుడు:
తప్పకుండా. కందం అంటే ప్రాస కూడా చూసుకోవాలి, సమస్య పాదం ఉన్నదున్నట్టు ఇమడదు, కొద్దిగా మార్చుకోండి. ఆదివారం దాకా సమయం ఉంది.