పాత పుష్పక్ కొనాలనుకుంటున్నాం, గోదావరి చెమ్మకి నిలుస్తుందా?

కొబ్బరాకు:
నమస్కారమండి. ఒక ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న హెచ్‌ఏఎల్ కట్టిన చిన్న విమానం పుష్పక్ అమ్మకానికొచ్చింది. ముగ్గురం కలిసి తీసుకుందామని ఉంది. ఇంజన్ కాంటినెంటల్ సీ90-8ఎఫ్. లాగ్‌బుక్కులున్నాయి, ఓవర్‌హాల్ అయ్యాక 210 గంటలే తిరిగిందట. పైన కప్పిన గుడ్డ ఎప్పుడు మార్చారో మాత్రం ఎక్కడా రాసిలేదు. ముగ్గురికీ పీపీఎల్ (ప్రైవేటు పైలట్ లైసెన్సు) ఉంది, కానీ అందరం సెస్నా 152 మీద నేర్చుకున్నవాళ్లమే, తోక కింద చక్రం ఉండే విమానం (తోకచక్రం) ముట్టుకోలేదు. విమానం రాజమండ్రి వైపే ఉంచాలి.
అడ్వాన్సు ఇచ్చేముందు ఏమేం విప్పించి చూడాలి? అవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) దొరకనప్పుడు బంకు పెట్రోలు పోయొచ్చా? డెల్టా మీద ఎగరడానికి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినవేంటి?

డోపుడబ్బా:
210 గంటలే అని మురిసిపోకండి. మన వైపు విమానాలు ఎగిరి అరిగిపోయేదానికన్నా షెడ్డులో కూర్చుని పుచ్చిపోయేదే ఎక్కువ.

పుష్పక్ అంటే అమెరికా ఏరోంకా చీఫ్ మీద ఆధారపడి చేసిన డిజైను, 1958లో మొదటిసారి ఎగిరింది. వెల్డింగు చేసిన ఉక్కు గొట్టాల ఫ్రేము, పైన గుడ్డ. తోక కిందకి వాలి నిలబడుతుంది కాబట్టి లోపల చేరిన చెమ్మంతా వెనక్కి జారి, కింది లాంజెరాన్లు (ఫ్రేము పొడుగునా సాగే గొట్టాలు) తోకస్తంభంతో కలిసేచోట నిలుస్తుంది. ముందు అక్కడ చూడండి. గుడ్డ మీద ప్లాస్టిక్ రింగు అతికించి, అది ఆరాక రింగు లోపలి గుడ్డ కోస్తే చెయ్యి, అద్దం, టార్చి పడతాయి. తర్వాత మూత పెట్టేయొచ్చు. ముందే కోసి తర్వాత రింగు అంటిస్తే చీలిక సాగుతుంది. గొట్టం అడుగు భాగాన్ని దబ్బనం మొనతో గట్టిగా పొడుస్తూ రండి. మంచి గొట్టం మీద మొన జారుతుంది, లోపలి నుంచి తుప్పు తిన్నదైతే గుంట పడుతుంది, ఒక్కోసారి దిగబడిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతోంది కదా అని వదిలేయొద్దు, ఈ తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. రెక్కకి ఊతమిచ్చే స్ట్రట్ల కింది చివర్లకీ ఇదే వర్తిస్తుంది.

గుడ్డ సంగతి. గ్రేడ్-ఏ నూలు గుడ్డ కొత్తలో అంగుళానికి 80 పౌండ్లు ఆగుతుంది. దాంట్లో 70 శాతం, అంటే 56కి దిగితే తీసేయాల్సిందే. పరీక్ష రెక్క పైభాగాన, అందులోనూ ముదురు రంగు వేసినచోట చేయాలి, ఎండకి ముందు చచ్చేది అదే. రెక్క కింద చేసి బావుంది అనేవాళ్లున్నారు, నమ్మకండి. నూలా పాలియెస్టరా అన్న అనుమానముంటే అంచు నుంచి ఒక దారం లాగి, డోపు (గుడ్డ మీద పూసే లక్కలాంటి పూత) సాల్వెంటుతో కడిగి వెలిగించండి. నూలు బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి పూసలా గట్టిపడుతుంది. ఈ పని షెడ్డు బయట, విమానానికి దూరంగా చేయండి బాబూ, నైట్రేట్ డోపు సినిమా రీలులా అంటుకుంటుంది.

ఏరోంకా చీఫ్ రెక్కలో స్పార్లు (రెక్క పొడుగునా సాగే దూలాలు) స్ప్రూస్ కర్రవి. మీ విమానంలోనూ కర్రే ఉంటే, స్ట్రట్ బిగించే ప్లేటు బయటి అంచు దగ్గరా, రిబ్బు (రెక్కకి ఆకారమిచ్చే అడ్డు పట్టీ) మేకుల దగ్గరా అడ్డంగా వెంట్రుక మందం గీత ఉందేమో చూడాలి. అది ఒత్తిడి పగులు. టార్చి సూటిగా వేస్తే కనపడదు, స్పార్‌కి ఆనించి ఏటవాలుగా వేయాలి. అలాంటి గీత ఒక్కటి కనపడ్డా ఆ స్పార్ పనికిరాదు, జిగురు పెట్టి సరిచేసేది కాదు.

ఇంకోటి, ఎలుకలు. వరి కోతలయ్యాక చేలల్లోంచి షెడ్లలోకి వస్తాయి. రెక్కలో గూడు కడితే వాటి మూత్రం అల్యూమినియం రిబ్బుల్ని తినేస్తుంది. రెక్క చివర ముక్కు పెట్టి వాసన చూడండి, నవ్వుకోకండి.

నల్లనూనె:
ఇంజన్ గురించి నేను చెప్తాను.

సీ90-8లో ఆ 8 అంటే స్టార్టరు, జనరేటరు లేని ఇంజన్. ప్రొపెల్లర్ చేత్తో తిప్పే స్టార్ట్ చేయాలి. కాబట్టి మొదట చూడాల్సింది మాగ్నెటో (ప్లగ్గులకి కరెంటు పుట్టించేది) స్విచ్చి. రన్-అప్‌లో (ఎగిరేముందు నేల మీద చేసే ఇంజన్ పరీక్షలో) ఒక్కో మాగ్నెటో మీదకి మార్చినప్పుడు ఆర్‌పీఎం కొద్దిగా పడాలి. అసలు పడకపోతే సంతోషించకండి, పీ-లీడు (మాగ్నెటోని ఆఫ్ చేసే తీగ) తెగి ఆ మాగ్నెటో ఆఫ్ కావట్లేదని అనుమానించాలి. అలాంటి విమానం స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా, ప్రొపెల్లర్ మీద చెయ్యేస్తే అంటుకోగలదు. తిప్పేటప్పుడు చక్రాలకి దిమ్మలు, తోకకి తాడు, లోపల బ్రేకు మీద తెలిసిన మనిషి, ఈ మూడూ ఉండాలి. పక్కింటి కుర్రాణ్ణి కూర్చోబెట్టొద్దు.

కంప్రెషన్ పరీక్షలో 80 పీఎస్‌ఐ పెట్టి ఎంత నిలుస్తుందో చూస్తారు. 60 దాటకపోతే గాలి ఎటు పోతోందో వినండి. సైలెన్సరులో బుస్సుమంటే ఎగ్జాస్టు వాల్వు, కార్బురేటరులో వినపడితే ఇన్‌టేకు వాల్వు, బ్రీదరులో (ఇంజన్ పెట్టె గాలి గొట్టంలో) అయితే పిస్టన్ రింగులు. ఏళ్లుగా ఆగిన ఇంజన్లో సిలిండర్ గోడలు తుప్పు పట్టడం మామూలే, ప్లగ్గు తీసి బోరోస్కోపు (లోపల చూసే సన్నటి గొట్టం) పెట్టించండి. ఒక ఊరట: కాంటినెంటల్లో వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్టు క్రాంకు కింద ఉంటుంది, లైకమింగు కంపెనీ ఇంజన్లలో పైన. అందుకని క్యామ్ తుప్పు భయం ఇందులో కాస్త తక్కువ.

వాడకంలో: ఆయిలు ఫిల్టరు లేని ఇంజన్, జల్లెడ ఒక్కటే. 25 గంటలకోసారి, గంటలు తిరక్కపోయినా నాలుగు నెలలకోసారి మార్చండి. వారానికోసారి అయిదు నిమిషాలు నేల మీద ఆడించి ఆపేసే అలవాటు వద్దు. ఆయిలు కాగదు, నీటి ఆవిరి బయటికి పోదు, తుప్పు ఇంకా పెరుగుతుంది. ఎగిరితే అరగంటకు తగ్గకుండా, ఆయిలు 80 డిగ్రీలకు చేరేలా ఎగరండి.

పెట్రోలు వద్దండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, గాలిలో చెమ్మ పీల్చి ట్యాంకు అడుగున నీళ్లతో కలిసి విడిపోతుంది. పైగా ఎండాకాలంలో ఆవిరై లైను మూసుకుపోతుంది. అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌నే వాడాలి. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదర రిఫైనరీలో చేస్తోంది. కాకపోతే ఇది 80 ఆక్టేనుకి కట్టిన ఇంజన్. 100ఎల్ఎల్‌లో సీసం లీటరుకి 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు, పాత 80/87కి పరిమితి 0.14. ఆ సీసం కింది ప్లగ్గుల్లో బూడిదరంగు గుళ్లలా చేరుతుంది. 25 గంటలకోసారి తీసి శుభ్రం చేయండి, గుళ్లని మొనదేలిన పనిముట్టుతో తవ్వి తీయాలి, పింగాణీ పగలకుండా. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ కొట్టుకుని, నిమిషానికి సర్దుకుంటే ఎగ్జాస్టు వాల్వు అంటుకుంటోందన్నమాట. "వేడెక్కితే అదే పోతుంది" అని ఎగరొద్దు.

కొబ్బరాకు:
పెట్రోలు మాట మానేశామండి. డ్రమ్ములో అవ్‌గ్యాస్ నిల్వ ఉంచితే నీళ్లు చేరతాయా?

నల్లనూనె:
చేరతాయి. సగం ఖాళీ డ్రమ్ములోనూ, ట్యాంకులోనూ రాత్రి చల్లబడితే చెమట పడుతుంది. దిగగానే ట్యాంకు నింపేయండి. ఎగిరేముందు అడుగు నుంచి గాజు సీసాలోకి తీసి తెల్లకాగితం ముందు పట్టి చూడండి. గీత లేకుండా అంతా ఒకేలా ఉంది కదా అని మోసపోవద్దు, సీసా నిండా నీళ్లే ఉన్నా అలాగే కనపడుతుంది. నీలం రంగు ఉండాలి.

లంకగాలి:
ఎగరడం గురించి.

మొదటిది కార్బురేటర్ ఐసు. మంచు దేశాల జబ్బు అనుకుంటారు గానీ, బయట 30 డిగ్రీలుండి డ్యూ పాయింటు (గాలిలో చెమ్మ నీరయ్యే ఉష్ణోగ్రత) 25 ఉంటే, థ్రాటిల్ తగ్గించి దిగేటప్పుడు ఐసు కట్టడానికి అంతకన్నా అనువైన గాలి అక్కర్లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా కోనసీమ మీద గాలి ఇదే. రెక్కల కోణం మారని స్థిరపిచ్చి ప్రొపెల్లర్ కాబట్టి థ్రాటిల్ కదపకుండానే ఆర్‌పీఎం మెల్లగా జారుతుంది, తొలి గుర్తు అదే. కార్బురేటర్‌కి వేడిగాలి పంపే హీటు పిడి పూర్తిగా లాగండి, సగం లాగొద్దు. ఇంజన్ ఇంకా గరగరలాడుతుంది, కరిగిన నీళ్లు మింగుతోంది కాబట్టి. భయపడి లోపలికి నెట్టేస్తే పని చెడుతుంది, ఆర్‌పీఎం మళ్లీ పెరిగేదాకా ఉంచండి. దిగేటప్పుడు పవరు తగ్గించకముందే లాగాలి. నేల మీద పరీక్షలో హీటు లాగితే ఆర్‌పీఎం పడాలి. పడలేదంటే లోపలి రేకు కదలట్లేదు.

రెండోది ఎండ. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వే ఎత్తు సుమారు 150 అడుగులే, కానీ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో డెన్సిటీ ఆల్టిట్యూడు (గాలి పలచనకి విమానానికి అనిపించే ఎత్తు) 3,000 అడుగులు దాటుతుంది (ప్రామాణికం కన్నా ప్రతి డిగ్రీకి 120 అడుగుల చొప్పున). 90 గుర్రాల ఇంజనుకి ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు ఎక్కువే. పొద్దున్న 8 లోపు ఎగరండి. మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా మొదలవుతుంది. నేరుగా దక్షిణం నుంచి 12 నాట్లు వీస్తే రన్‌వే 23 (నైరుతి వైపు ఎగిరే దిశ) మీద ఎడమ నుంచి 9 నాట్ల పక్కగాలి. తోకచక్రం కొత్తవాళ్లకి అది చాలా ఎక్కువ. బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది కాబట్టి, ఒక్కసారి పక్కకి తిరిగిందంటే తనంతట తను సర్దుకోదు. టాక్సీ (నేల మీద నడపడం) ఆపి దిమ్మలు పెట్టేదాకా కాళ్లు పెడల్ మీంచి తీయొద్దు. తోకచక్రం మీద నేర్పగల ఇన్‌స్ట్రక్టరుతో ముందు టాక్సీ, తర్వాత మూడు చక్రాల మీద దిగడం, పక్కగాలి ఆఖర్న.

మూడోది, ఇంజన్ ఆగితే ఎక్కడ దిగాలి. పైనుంచి చూస్తే డెల్టా అంతా రన్‌వేలాగే ఉంటుంది. సార్వాకి దమ్ము చేసిన చేలో చక్రం దిగబడి విమానం ముక్కు మీద తిరగబడుతుంది. రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల కరెంటు తీగలు, కాలువగట్ల వెంట స్తంభాలు. కొబ్బరితోట ఊసే వద్దు. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో చేలు గట్టిగా ఉంటాయి, అయినా గట్లు అడ్డం. గట్టుకి సమాంతరంగా, పొడుగు మడిలో దిగాలి. తడి నేల తప్పనప్పుడు వీలైనంత తక్కువ వేగంతో మూడు చక్రాలూ ఒకేసారి ఆనేలా దిగండి, ముందే తలుపు గడియ తీసేయండి, తిరగబడితే ఫ్రేము వంగి తలుపు రాదు. పాత విమానాల్లో నడుము బెల్టే ఉంటుంది. అనుమతితో భుజాల బెల్టు వేయించడం కొత్త రంగు వేయించడం కన్నా ముందు పని.

డోపుడబ్బా:
ఒకటి మరిచాను. పిటాట్ గొట్టం (వేగం కొలిచేది), పెట్రోలు ట్యాంకు మూత గాలిరంధ్రం, గుడ్డ అడుగున నీళ్లు కారే చిల్లులు, మూడింట్లోనూ మట్టిగూడు కట్టే కందిరీగ మట్టి పెడుతుంది, రెండ్రోజులు చాలు. ట్యాంకు గాలిరంధ్రం మూసుకుంటే నేల మీద రన్-అప్ బాగానే అవుతుంది, పైకెక్కాక ఆగుతుంది. పిటాట్‌కి ఎర్రగుడ్డ సంచి తొడిగి ఉంచండి, మిగతా రెంటిలోనూ పొద్దున్నే సన్నటి తీగ ఆడించి చూడండి.