పచ్చ ఎనామిల్ కింద ఏ చెక్క? పాత భోజనాల బల్ల రంగు తీయించడం గురించి

పెదవాల్తేరు_డాబా:
తాతల నాటి బల్ల. నాలుగున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పైన పచ్చ ఎనామిల్, పెచ్చులు లేస్తోంది. కాళ్లు లేత్ మీద తిప్పినవి. పచ్చ ఊడినచోట ఎరుపు, పసుపు పట్టీలు కనిపిస్తున్నాయి. పై పలకల మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు. ఒక కాలు ఊగుతోంది, దాని కింద సన్నటి పిండి రాలుతోంది. ఏ చెక్కో ఎలా పోల్చాలి? కాస్టిక్ సోడాతో కడిగేస్తే ఒక్కపూటలో రంగు పోతుందని వడ్రంగి అంటున్నాడు. చేయించవచ్చా?

రంపంపొట్టు:
వద్దండీ. కాస్టిక్ రంగుతో ఆగదు. జాయింట్లలోని పాతకాలపు వజ్రం బంకని (పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురుని) కరిగించేస్తుంది, చెక్కని నల్లబరుస్తుంది. ఎండాక బల్ల మొత్తం ఊగుతుంది.

ముందు చెక్క సంగతి. బల్ల బోర్లించి, రంగు తగలని చోట ఉలితో గోరంత పొట్టు తీయండి. తోలు వాసన వేసి, చేతికి కాస్త జిడ్డు తగిలితే టేకు. బంగారు గోధుమ రంగులో ఉండి ఆ వాసన లేకపోతే పొట్టుని గాజు గ్లాసు నీళ్లలో వేసి ఎండలో పెట్టండి. నీళ్లు తేనె రంగుకి తిరిగి, గ్లాసు అంచున నీలి మెరుపు కనిపిస్తే వేగిస. మన జిల్లాల్లో పాత సామానుకి అదీ బాగానే వాడారు. వేగిసైతే నీళ్లు తక్కువ వాడాలి, తడిస్తే పసుపు దిగుతుంది.

ఇంకొకటి, పాత ఎనామిల్‌లో సీసం ఉంటుందనే అనుకోండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పొడి ఎమరీ పేపర్, గ్రైండర్ రెండూ వద్దు, ఆ దుమ్ము పిల్లలకి మరీ ప్రమాదం. పై పలకలకి జెల్ రిమూవర్ మందంగా పూసి, ప్లాస్టిక్ కవరు కప్పి, రంగు ముడతలు పడ్డాక తడిగానే గీకాలి. గీకిన చెత్తని సంచిలో కట్టేయండి, పెరట్లో పారబోయకండి.

లక్కపిడత:
కాళ్లకి మాత్రం ఆ రిమూవర్ తగలనివ్వకండి మేస్టారూ! ఆ పట్టీలు లక్క పని కావచ్చు. కాలి లోపలివైపు, ఎర్ర పట్టీ మీద బియ్యపు గింజంత చోట స్పిరిట్ దూదిని అర నిమిషం ఆనించండి. దూదికి ఎరుపు అంటితే లక్కే. ఎండి గట్టిపడిన ఎనామిల్ అలా తేలిగ్గా కదలదు.

లక్కకి స్పిరిట్, థిన్నర్, కాస్టిక్, వేడి, నాలుగూ పడవు. హీట్ గన్ పెడితే కారిపోతుంది. నున్నటి లక్క మీద ఎనామిల్ గట్టిగా పట్టదు కాబట్టి వెదురు బద్దతో పెచ్చు అంచు కింద మెల్లగా తోస్తే చాలావరకు లేస్తుంది. మొండికేసిన చోట వదిలేయడమే మేలు. ఊడిన లక్క మళ్లీ ఎక్కించాలంటే కాలు విప్పి లేత్ మీద తిప్పాలి, ఆ రాపిడి వేడికే లక్క కర్ర కరిగి పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు.

లక్క కనిపించింది కదా అని ఏటికొప్పాక పని అనేయకండి. అక్కడి అంకుడు తేలికైన మెత్తటి చెక్క. బొమ్మలకి బంగారం, భోజనాల బల్ల బరువుకి కాదు.

పెదవాల్తేరు_డాబా:
గ్లాసులో నీలి మెరుపు వచ్చింది, దూదికి ఎరుపూ అంటింది. మరి పిండి, సందు, పాలిష్?

రంపంపొట్టు:
పొడి పిండి, గుండుసూది తలంత కన్నాలు ఉంటే పుప్పి పురుగు. మట్టి దారులుంటే చెదలు. పుప్పి ఎక్కువగా తెల్ల చెక్కనే (మాను బయటి వైపు లేత భాగాన్నే) తింటుంది, చేవ (లోపలి గట్టి చెక్క) జోలికి పెద్దగా పోదు. రంగు తీసిన చెక్కకి లీటరు వేడి నీళ్లలో 20 గ్రాముల బోరిక్ యాసిడ్, 30 గ్రాముల బోరాక్స్ కలిపి రెండుసార్లు పట్టించండి. రంగు మీద పూస్తే లోపలికి ఇంకదు. వేగిస కాబట్టి ముందు అడుగున పూసి చూడండి. లక్క ఉన్నచోట కుంచె వద్దు, సిరంజితో కన్నాల్లోకే ఎక్కించాలి.

ఊగే కాలికి మేకు కొట్టనివ్వకండి. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బి, చెక్కని చీలుస్తుంది. జాయింటు విప్పి, పాత బంకని వేడి నీళ్ల గుడ్డతో మెత్తబరిచి పూర్తిగా గీకేయాలి, దాని మీద ఫెవికాల్ పట్టదు. ఆరాక ఫెవికాల్ రాసి, తాడు చుట్టి, మధ్యలో కర్ర పెట్టి మెలేసి 24 గంటలు కదపకూడదు.

సందులో లప్పం పెడితే వానాకాలంలో పలకలు ఉబ్బి బయటికి నెట్టేస్తాయి. సన్నటి వేగిస బద్దని ఒక పక్క పలకకే అతికించండి. పలకలు చట్రానికి మేకులతో బిగించి ఉంటే వాటి స్థానంలో ఇత్తడి స్క్రూలు వేసి, చట్రంలో కన్నాలు పలక వెడల్పు దిశలో కాస్త పొడవుగా తీయించండి. చెక్క కదలడానికి చోటు లేకే పగుళ్లు వస్తాయి.

లక్కపిడత:
పాలిష్ డిసెంబరు, ఫిబ్రవరి మధ్య, పొద్దెక్కాక పెట్టండి. విశాఖ ఉక్కలో స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు గాలిలో తేమ పట్టి తెల్లగా బూజులా కమ్ముతుంది. లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల చంద్రలక్క (షెల్లాక్) కలపాలి, గాజు సీసాలోనే. ఇనుప డబ్బాలో నల్లబడుతుంది. నెలల తరబడి నిల్వ ఉంటే సరిగా ఆరదు.

అయితే వేడి గిన్నె దించితే లక్క పాలిష్ మీద తెల్ల మచ్చ ఖాయం. ఆ బల్ల మీదే అన్నం తింటారంటే పై పలకకి పీయూ (పాలీయూరిథేన్ పాలిష్) వేయించండి, చట్రానికి లక్క పాలిష్ చాలు. కాళ్ల పట్టీల మీద ఏదీ పూయకండి, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.